చైను గలగల

మసాకా పట్నంలో మెకానిక్ ముకీబీ షెడ్డుకు చీకటి పడ్డాక నల్వేయిసో వచ్చింది. చనిపోయిన భర్త కారును రేపు విడిభాగాలుగా అమ్మేస్తున్నారు. చివరిసారి చూసుకుందామని వచ్చింది.

"ఇంజిన్ దించేశాను చెల్లీ," అంటూ ముకీబీ బల్ల మీద విడదీసి పెట్టిన పిస్టన్లు చూపించాడు. "లీటరు ఇంజిన్, మూడే సిలిండర్లు. అయినా ఇరవై ఏళ్లు లాగింది. ఆయిల్ తగ్గిందంటే మీ ఆయన ఏనాడైనా విన్నాడా? ఇదిగో, టైమింగ్ చైను ఎలా సాగిపోయిందో చూడు."

"పొద్దున్నే స్టార్ట్ చేస్తే గలగలమనేది. పిల్లలకు మెలకువ వచ్చేస్తోందని రోజూ తిట్టేదాన్ని," అని ఆమె నవ్వబోయింది.

అప్పుడే పెరట్లో, కారు నిలబెట్టిన చోట, చైను గలగలమంది. రెండు మూడు క్షణాలకు ఇంజిన్ సర్దుకుని, కొంచెం వణుకుతూ నెమ్మదిగా ఆడసాగింది. పెట్రోలు పొగ వాసన షెడ్డులోకి వచ్చింది.

ముకీబీ బల్ల వైపు చూశాడు. పిస్టన్లు మూడూ అక్కడే ఉన్నాయి. చైను అతని చేతిలోనే ఉంది.

టార్చి అందుకుని తలుపు దాకా వెళ్లాడు. వెనక నుంచి నల్వేయిసో అతని చొక్కా పట్టుకుంది.

"లైటు వెయ్యకు అన్నయ్యా, ఆగిపోతుందేమో," అంది. "కాసేపు విననీ."