ఇప్పచెట్టు సిగ్నల్

"పెద్దాయనా, ఈ ఫోను నీదేనా? జర తీస్తావా?"

ఇప్పచెట్టు కింద కూర్చున్న మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు.

నాగలత అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఈ తండా మనిషి కాదు. మోకాళ్ల దాకా దుమ్ము, భుజాన తువ్వాలు.

మణుగూరు దాటాక అడవిలో ఉన్న ఆ తండాలో సిగ్నల్ దొరికేది బడి వెనక మిట్ట మీదున్న ఆ చెట్టు దగ్గరే. అందుకే అందరూ ఫోన్లను కవర్లలో పెట్టి కొమ్మలకు వేలాడదీస్తారు. మోగితే దగ్గర్లో ఉన్నవాళ్లు ఎత్తి, ఎవరిదైతే వాళ్లను కేకేసి పిలుస్తారు. అందులోనూ సిగ్నల్ నిలకడగా ఉండేది దక్షిణం వైపు కొమ్మకు మాత్రమే. ఇవాళ ఆ కొమ్మకు ఈ కొత్త మనిషి ఫోను వేలాడుతోంది.

"ఫోను వచ్చేదుంది మేడం," అన్నాడతను మెల్లగా.

"నాకు ఒంటి గంటకు పరీక్ష ఉంది."

"పరీక్షనా? మీరు ఈడ పంతులమ్మ గదా?"

"పంతులమ్మలకు కూడా ఉంటాయి పరీక్షలు."

నవ్వే ఓపిక ఆమెకు లేదు. ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్ చదువుతోంది. 'ఎక్కడైనా, ఎప్పుడైనా చదువుకోండి' అని ప్రకటన. అది రాసిన మహానుభావుడు ఒక్కసారి ఈ తండాకు వచ్చి ఉంటే బాగుండేది. ఖమ్మం, మణుగూరు మధ్య బస్సులో కూర్చునే పుస్తకాలన్నీ చదివింది. మిగిలింది వీడియోలో ఇచ్చే వైవా ఒక్కటే. అది ఇప్పటికే రెండుసార్లు మధ్యలో తెగిపోయింది. ఈసారీ తెగితే మళ్లీ వచ్చే ఏడే అన్నారు. ఖమ్మం వెళ్లి ఇంట్లో కూర్చుని ఇద్దామంటే బడికి ఆమె ఒక్కతే టీచరు, సెలవు దొరకలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"నాది కూడా ఇయ్యాల్నే వస్తది మేడం," అన్నాడతను.

"వాళ్లు మళ్లీ చేస్తారులే పెద్దాయనా. నాకు మళ్లీ అనేది లేదు."

అతను కొమ్మ వైపు చూశాడు. ఆమె ముఖం వైపు చూశాడు.

"చదువు పనంటే ముందు మీదే కానీయుండ్రి," అని తనే ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పాత బటన్ల ఫోను.

"మధ్యలో మోగితే నా మాట వాళ్లకు వినిపించదు. బంద్ చేస్తున్నా. అయిపోగానే నేనే ఆన్ చేసిస్తా, సరేనా?"

"మీ ఇష్టం. నాకు మోగితే ఎత్తుడొక్కటే ఎరుక మేడం."

ఆమె ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని, ఫోను ఆరిపోయాక తిరిగి ఇచ్చేసింది. అతను దాన్ని తువ్వాల్లో చుట్టుకుని దూరంగా పోయి కూర్చున్నాడు.

ఒంటి గంటకు తెర మీద ఒక కళ్లద్దాలాయన కనిపించాడు. బొమ్మ కదిలింది, మాట వచ్చింది. నాగలత ఊపిరి పీల్చుకుంది.

"మీ తండాల్లో ఆడపిల్లలు పదో తరగతి తర్వాత చదువు ఎందుకు మానేస్తున్నారు? మీరు గమనించిన అసలు కారణం ఏమిటి?"

"తండ్రులే సార్," అంది ఆమె తడుముకోకుండా. "వాళ్లకు చదువు విలువ తెలియదు. ఆడపిల్లకు చదువెందుకు అంటారు."

దూరంగా కూర్చున్న మనిషి అవునన్నట్టు తలూపాడు.

ఇంకో నాలుగు ప్రశ్నలు. ఒక్కసారి కూడా తెగలేదు.

"వెరీ గుడ్ మేడం. పాసయ్యారు. కంగ్రాట్యులేషన్స్."

ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ల భారం ఒక్కసారిగా దిగిపోయింది. అంతలోనే కింద బడిలోంచి పిల్లల గోల, ఎవరో కొట్టుకుంటున్నారు. కొమ్మ మీంచి తన ఫోను లాక్కుని మిట్ట దిగి పరుగెత్తింది.

"అయిందా మేడం?" వెనక నుంచి అడిగాడతను.

"పాసయ్యాను పెద్దాయనా!"

"శానా సంతోషం మేడం."

అతను తన ఫోనును మళ్లీ కవర్లో పెట్టి, దక్షిణపు కొమ్మకు జాగ్రత్తగా తగిలించాడు. ఆ కొమ్మకు తగిలిస్తే మోగుతుందని అతని నమ్మకం.

మర్నాడు నాగలత మిఠాయి డబ్బాతో బడికి వచ్చింది. పిల్లలకు అన్నం వండే సక్రికి మొదట పెట్టింది.

"పాసయ్యానే సక్రీ."

"మంచిగైంది మేడం," అంది సక్రి, మిఠాయి కొంగున కట్టుకుంటూ. "నిన్న చెట్టు కాడ ఒకాయన పొద్దుగూకే దాంక కూసున్నడు. పాపం, అన్నం పెడ్తనన్నా రాకపాయె. లేసి పోతే అప్పుడే మోగుతదేమో అంటడు."

నాగలత చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

"మోగిందా?"

"ఏం మోగుడు మేడం! మా కొడుకు భద్రు పోయి చూస్తే ఫోను బంద్ ఉన్నది. ఆన్ జేసి, వాళ్లకు కలిపి మాట్లాడిండు. శానాసార్లు జేసినం, కలువలే, ఇంకోళ్లకు ఇచ్చేసినం అన్నరంట."

"మళ్లీ అడగాల్సింది..."

"బతిమిలాడిండు మేడం. అయిపోయింది, ఇగ మా చేతుల లేదన్నరంట. ఎవరు బంద్ జేసిన్రని అడిగితే, నాకే చాతగాక బంద్ అయిందన్నడు ఆయన."

బంద్ చేసింది తనేనని చెప్పబోయింది నాగలత. డబ్బాకు మూత పెట్టేసింది.

"ఎవరు సక్రీ ఆయన?"

"గుట్ట అవతల తండాల దస్రు మేడం. ఆయన బిడ్డకు పంతులమ్మ ట్రైనింగ్‌ల సీటు ఇస్తే నిన్ననే ఫోన్ జేస్తమన్నరంట."