నుంగాలు రాని ఏడు

వల ఒడ్డుకు చేరింది. అడుగున పిడికెడు నుంగా చేపలు కూడా లేవు.

పాత రాతూ, అంటే ఊరిపెద్ద, కన్నుమూసిన నాడు సంతాపంగా, చేపలు పట్టకుండా ఊరి పగడపు దిబ్బను మూసేశారు. సంతాపం తీరే విందు కోసం ఆ ఉదయమే తెరిచారు. చుట్టుపక్కల దీవుల చుట్టాలు అప్పటికే పడవలు దిగుతున్నారు. పెద్దాయన విందులో నుంగా వడ్డించకపోతే ఊరంతటికీ తలవంపులు.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాడు పెద్దాయన తరవాత ఊరిపెద్ద అయిన రాతూ నేతాని.

వేశారు. నాచు వచ్చింది.

"ఇంకెక్కడి నుంగాలు? కాపలావాడి పొయ్యి మీద ఎప్పుడో ఉడికిపోయుంటాయి," అంది ఆడవాళ్ళలో ఎవరో.

అందరూ కిటియోని వైపు తిరిగారు. దిబ్బకు కాపలా అతనే.

అతని భార్య రెజియేలి మోకాలి లోతు నీళ్ళలోంచి విసురుగా వచ్చింది. "ఎవరే ఆ కూత కూసింది? నా ఎదటికొచ్చి అనండి! ఎదురుగా సముద్రం పెట్టుకుని మా ఇంట్లో డబ్బా చేపలు తిన్నాం, తెలుసా?"

"మొగుణ్ణి నువ్వు వెనకేసుకురాక ఇంకెవరొస్తారులే!"

రెజియేలికి దుఃఖం ఆగలేదు. రాతూ ముందు ఇసకలో కూలబడింది. "చచ్చిపోయిన మా అమ్మ మీద ఒట్టు రాతూ! ఆ దిబ్బ మీది చేప ఒక్కటీ మా గడప దాటి రాలేదు. వస్తే నా కళ్ళు పోవాలి!"

రాతూ ఆమెను లేవమని సైగ చేశాడు. "కిటియోనీ, నువ్వు చెప్పు. నీ మాట చాలు నాకు."

కిటియోని భార్య ముఖంలోకి చూశాడు. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు.

"నేనే తీశాను రాతూ."

రెజియేలి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "ఏమన్నావ్?"

విందులో చుట్టాలకు డబ్బా చేపలే వడ్డించారు. కిటియోని, తప్పు మన్నించమని పెద్దలకిచ్చే తిమింగలం పన్ను చేతుల్లో పట్టుకుని, రాతూ ఇంటి దాకా మోకాళ్ళ మీద వెళ్ళి క్షమాపణ అడిగాడు. రాతూ పన్ను అందుకున్నాడు గాని అతన్ని కాపలా నుంచి తీసేశాడు. ఆ తరవాత ఊరి మగవాళ్ళంతా కూడి కవా అనే మత్తు పానీయం తాగే చోట అతని దాకా కొబ్బరి చిప్ప రావడం మానేసింది.

రెజియేలి చాప చుట్టుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

"ఆకలేసి తీసుంటాడు, పోనీలేవే," అంది అక్క.

"తీస్తే తీశాడే అక్కా! ఊరందరి ముందూ నేను అమ్మ మీద ఒట్టేస్తుంటే నోరు మూసుకుని చూస్తూ నించున్నాడే, అది ఎలా పోనిమ్మంటావు?"

కిటియోని కాల్చిన సీమపనసకాయ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. రెజియేలి దాన్ని వీధిలోకి విసిరేసింది. అతను దాన్ని తీసుకుని వెళ్ళాడు.

కొన్నాళ్ళకు, దిబ్బను చూసిపొమ్మని రాతూ కబురు పెడితే, చేపల శాఖ నుంచి సలానియేతా అనే ఆఫీసరు వచ్చింది. పొద్దున్నుంచీ నీళ్ళలో మునిగి చూసి, తడి జుట్టు పిండుకుంటూ ఒడ్డెక్కింది.

"దొంగతనం జరిగిందని ఎవరన్నారు?"

అందరూ రాతూ వైపు చూశారు.

"దొంగ వలలు పడ్డ చోట చేపలు మనిషి నీడకే పారిపోతాయి. మీ దిబ్బలో బండచాటు చేపలు మూరెడేసి పెరిగాయి. నా ముఖం దాకా వచ్చి, ఎవరీవిడ అన్నట్టు చూసి పోయాయి."

"మరి నుంగాలేవమ్మా?" అన్నాడు రాతూ.

"వాటి పిల్లలు సముద్రం మీద తేలుతూ వచ్చి దిబ్బ పట్టుకోవాలి. నీళ్ళు వేడెక్కిన ఏడు సరిగా రావు. కింది దీవుల్లోనూ ఇదే మొర. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉన్నవాటిని కదపకండి. కాలం కలిసొస్తే మళ్ళీ వల పట్టనన్ని వస్తాయి."

"అయితే కిటియోని ఎందుకు ఒప్పుకున్నట్టు?"

"అది ఆయన్నే అడగండి."

రెజియేలి అప్పటికే పరుగెత్తుతోంది. కిటియోని చేమ మడిలో ఒంటరిగా గడ్డలు తవ్వుకుంటున్నాడు. ఆమె బురదలోకి దిగి అతని రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"పిచ్చి మనిషీ! ఎవరూ తియ్యలేదట! నుంగాలు అసలు రానేలేదట!"

కిటియోని చేతిలోంచి తవ్వుకోల జారిపోయింది. "ఎవరూ తియ్యలేదా?"

"ఎవ్వరూ! నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా? లేని దొంగతనం నెత్తినెందుకు వేసుకున్నావయ్యా?"

అతను భార్య చేతుల్ని మెల్లిగా భుజాల మీంచి తీశాడు.

"నువ్వంతగా ఏడుస్తూ ఒట్లు వేస్తుంటే... తీసింది నువ్వేననుకున్నాను."