చీమల సాక్ష్యం

"ఒప్పుకో థామ్! నా చెట్ల మీది చీమగూళ్ళు కోసుకెళ్ళింది నువ్వే!"

కాలువ గట్టున నిలబడి ఖాయ్ అరిచిన అరుపుకు, కొత్త ఏడాది టెట్ పండుగ బేరాలకొచ్చిన పడవలన్నీ ఆగిపోయాయి. ఎర్రచీమలు కాపలా ఉంటేనే కమలాకాయకు పురుగు పట్టదు. అతని తోటంతా వెతికినా ఒక్కటంటే ఒక్క గూడే కనిపించింది. అవతలి గట్టున థామ్ తోటలో మాత్రం కొమ్మకో గూడు, కాయకో మెరుపు.

"పూత మీద మందు కొట్టావు కదన్నా, ఇంకెక్కడ బతుకుతాయి?" అంది థామ్.

"ఒక్కసారే కొట్టాను! ఆమాత్రానికే చస్తాయా? దొంగెవరో తేలాల్సిందే. మా ఇంట్లో మనిషైనా సరే, మెడపట్టి కాలవలోకి గెంటుతా!"

వెనకే ఉన్న అతని భార్య దియెప్ తల ఎత్తలేదు.

పెద్దమనిషి నామ్ తాత పడవలోంచే తీర్పు చెప్పాడు. "గొంతు చించుకోవడం ఎందుకురా? చీమల్నే అడుగుదాం. థామ్ చెట్టు మీది గూడొకటి తెచ్చి నీ గూటికి ఆనించండి. పరాయివైతే కొరుక్కు చస్తాయి. ఒక తల్లి బిడ్డలైతే కలిసిపోతాయి. మనుషుల్లాగా చీమలు అబద్ధమాడవు."

అది విని దియెప్ బెదిరిపోయింది. తమ తోటలో మిగిలిన ఆ ఒక్క గూడూ థామ్ చెట్టుదే. మందు దెబ్బకు చీమలన్నీ రాలిపోయాయని మొగుడితో అనే ధైర్యం లేక, వరదల నెలలో ఒక రాత్రి, వానలోనే పడవ వేసుకెళ్ళి తనే కోసుకొచ్చింది. చేపపేగులు వేసి సాకింది. ఇప్పుడు నోరు విప్పితే తను దొంగ. విప్పకపోతే థామ్ దొంగ. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతున్నా, మొగుడి వెనకే ఒదిగి నిలబడింది.

గూడు తెచ్చి ఆనించారు. రెండువైపులా చీమలు ఎదురొచ్చాయి. మీసాలు మీసాలు తాకించుకున్నాయి. పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఒకదాని గూట్లోకి ఒకటి దూరిపోయాయి.

"చూశారా! నా చీమలే!" ఖాయ్ గంతేశాడు.

"అంత తోట పెట్టుకుని ఇదేం కక్కుర్తే థామ్?" పడవల మీంచి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

థామ్ ఏదో అనబోయి, దియెప్ ముఖం చూసి ఆగింది. "తప్పయింది. నేనే తీశాను" అంది.

దియెప్ ఉలిక్కిపడింది. చెయ్యని తప్పు ఈ మనిషి ఎందుకు నెత్తినేసుకుంది?

జనం ఛీకొడుతుంటే థామ్ తలదించుకుని, తన తోట నుంచి తెచ్చిన గూడున్న కొమ్మను తీసి దియెప్ చేతుల్లో పెట్టింది. ఆమెకు మాత్రమే వినబడేలా అంది:

"ఈసారి కావాలంటే వానలో తడుస్తూ రాకు వదినా. పగలే వచ్చి అడుగు, ఇస్తాను."