పిల్లి బహిష్కరణ ఉత్తర్వు

పాతబస్తీలోని మా ఇంట ఎగిరే పేలు ప్రబలినందున, గృహయజమాని హోదాలో నేను ఉత్తర్వు జారీ చేసితిని: పేలకు ఆశ్రయమిచ్చిన ప్రాణి సూర్యాస్తమయంలోగా ఇల్లు విడువవలెను. పిల్లిని ఉద్దేశించియే.

నా భార్య కోమలవల్లి కళ్లొత్తుకొనుచు పిల్లికి వేపనూనె పట్టించి, దువ్వి, ఇల్లంతా వేపాకు పొగ వేసినది. పిల్లి శుభ్రపడినది. పేలు మాత్రం నన్ను కుట్టుచునే ఉన్నవి.

"పిల్లి పోవాల్సిందే" అంటిని.

ఆమె కుర్చీ మీది నా ఆఫీసు షేర్వానీని తెల్లదుప్పటిపై దులిపినది. నల్లచుక్కలు లేచి గంతులు వేసినవి. ఉతికినచో హోదా పలచబడునని, దానిని ఏళ్ల తరబడి నీటికి దూరముంచినది నేనే.

"పిల్లి రోజూ పండేది గీ షేర్వానీ మీదనే, పేలు దానికి గీడికెల్లే ఎక్కినయ్. ఇగ ఎవరు పోవాలెనో మీరే చెప్పుండ్రి!"

ఉత్తర్వు సకాలమున అమలైనది. పిల్లి నా పరుపుపై ఉన్నది. నేను అరుగుపై ఉన్నాను.