ఇంకొకరి కొలత

దర్జీ కారు స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. లోపాలు చూపే స్కానరు తగిలించి చూస్తే, రోగం స్టీరింగు కింద ఉండే ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌దని తేలింది. నడిపేవారి కొలత గుర్తుంచుకుని, స్టీరింగును దానికి తగ్గట్టు జరిపేది అదే. కుట్టు మిషన్ విప్పి బిగించే చేతికి ఇదో లెక్కా అనుకున్నాడు. పాత కార్లు విడగొట్టే దుకాణంలో అలాంటిదే ఇంకోటి దొరికింది.

"ఆ బండి ముందుభాగం నుజ్జునుజ్జయింది. ఇదొక్కటే గీత పడకుండా మిగిలింది," అన్నాడు దుకాణదారు. నడిపిన మనిషి సంగతి దర్జీ అడగలేదు.

తెల్లారితే మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అందుకే చీకటి పడ్డా పని ఆపలేదు. ముందుగానే బ్యాటరీ ఊడదీసి గడప దగ్గర పెట్టాడు. భార్య అక్కడే టార్చి పట్టుకుని నిలబడింది. అతను కారు బయట మోకాళ్ళ మీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి చేతులు చాచి, చివరి ప్లగ్గు నొక్కాడు.

జుయ్‌మని సన్నటి మోత. స్టీరింగు తనంతట తానే కిందికి దిగి, ఖాళీ సీటు వైపు జరిగింది. సరిచూసుకున్నట్టు వేలెడు వెనక్కి తగ్గి ఆగింది. కంటితోనే కొలతలు చెప్పగల దర్జీకి తెలిసిపోయింది. అది తన కొలత కాదు. ఎవరో పొట్టి మనిషిది.

"బ్యాటరీ అప్పుడే కలిపేశావేంటి?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"నేనెక్కడ కలిపానండీ? ఇదిగో, నా కాళ్ళ దగ్గరే ఉంది."

టార్చి వెలుగు బ్యాటరీ మీదికి మళ్ళింది. కారు లోపల చీకటైంది. ఆ చీకట్లో గంట మొదలైంది. టింగ్, టింగ్. సీట్లో కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది.

అతను లేవబోయేలోపు టక్కుమని చిన్న చప్పుడైంది.

గంట ఆగిపోయింది.