గీరిన చోటు

“నాలుగు స్తంభాలు గీశాను సార్. ఒట్టు,” అంది ఆ అమ్మాయి.

విచారణాధికారి బల్ల మీది ట్రేసింగ్ పేపరును ఆమె వైపు తిప్పాడు. “మరి ఇక్కడ మూడే ఉన్నాయేంటమ్మా? నాలుగోదానికి కాళ్లొచ్చి నడిచెళ్లిపోయిందా?”

ఆ కాగితం నుంచే బ్లూప్రింట్ తీశారు. ఆ బ్లూప్రింట్ చూసే కొత్త లైబ్రరీ ముందు కార్లు ఆగే పోర్టికో కట్టారు. మొన్న ఉదయం దాని స్లాబు కూలి, కింద పనిచేస్తున్న మేస్త్రీ కాలు నుజ్జయింది. కాగితం మూలన సంతకం ఈ అమ్మాయిది. పక్కనే ఆమె పనిచేసే ఆర్కిటెక్టు ఆఫీసు యజమాని సంతకమూ ఉంది గానీ, అది ఆయన చూడకుండా పెట్టాడట. సాయంత్రంలోగా నివేదిక వెళ్లాలి. వెళ్తే ఆమె లైసెన్సు రద్దు, ఆపైన కేసు. ఆర్కిటెక్టుగా ఆమెకు ఇదే మొదటి కట్టడం.

“స్తంభం అడ్డొచ్చి కారు తిరగదని లైబ్రరీ కమిటీ వాళ్లు గొడవ పెట్టారు. తీసేస్తే స్లాబు ఆగదని చెప్పాను. షీటు పూర్తిచేసి బల్ల మీద పెట్టి ఇంటికెళ్లాను. అంతే సార్.”

“తర్వాత ఎవరు ముట్టుకున్నారు?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “నాకెవరి మీదా అనుమానం లేదు సార్.”

యజమాని గొంతు సవరించుకున్నాడు. ప్రమాదం జరిగినప్పటి నుంచి ఆయన చేస్తున్న పనల్లా చేతులు దులుపుకోవడమే. “చిన్నపిల్ల, గీయడం మర్చిపోయుంటుంది. కావాలంటే మా మావయ్యను అడగండి. ముప్ఫై ఏళ్లుగా గీతలతోనే కాపురం. ఆయన మాటకు తిరుగులేదు.”

మావయ్య అంటే మేనమామ కాదు. ఆ ఆఫీసులో తలపండిన డ్రాఫ్ట్స్‌మన్. అందరికీ మావయ్యే. ఈ అమ్మాయికి పెన్నులో ఇంకు పోయడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆయనే.

ఆయన వచ్చి కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టాడు. మూడో స్తంభం పక్క ఖాళీని బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు.

“నాలుగోది ఉండేది సార్,” అన్నాడు. “ఇంకు మీద రబ్బరు పనిచేయదు. బ్లేడుతో గీరేసి, గరుకు తెలియకుండా గోటితో రుద్దారు. వేలికి తగుల్తుంది, చూడండి.”

అధికారి తడిమి చూశాడు. నిజంగానే గరుగ్గా ఉంది.

యజమాని నుదుటికి చెమట పట్టింది. “ఆ గీరింది కూడా ఆ పిల్లేనేమో!”

“కాదు. కుడిచేతి వాటం వాళ్లు గీరితే కాగితం పోగులు ఇటు లేస్తాయి. ఇవి అటు లేచాయి.”

“వద్దు మావయ్యా!” అమ్మాయి దిగ్గున లేచింది.

“మావయ్యా, ఉద్యోగం సంగతి ఆలోచించుకుని మాట్లాడు,” అన్నాడు యజమాని.

మావయ్య ఆయన వైపు చూడనే లేదు. “ఇది ఎడమచేతి వాటం మనిషి పని సార్.”

అధికారి ఆ అమ్మాయి కుడిచేతి వేళ్ల మీది ఇంకు మరకలు చూశాడు. యజమాని వైపు చూశాడు. చివరికి ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టి, తన జేబులోంచి పెన్ను తీశాడు.

“ఇదంతా రాసి సంతకం పెడతారా? గీరిన మనిషి పేరుతో సహా?”

“పెడతాను. గీరమని చెప్పిందెవరో కూడా రాస్తాను. ఈ పిల్ల తప్పేమీ లేదనీ రాస్తాను.”

అమ్మాయి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. యజమాని కుర్చీలో కూలబడ్డాడు.

మావయ్య కాగితాన్ని దగ్గరికి లాక్కుని, అధికారి ఇచ్చిన పెన్నును ఎడమచేత్తో అందుకున్నాడు.