రెండో ఇంజన్

రెండు ఇంజన్లూ ఒకే రోజు బిగించాను. రెండింటిలో రెండు కంపెనీల సింథటిక్ ఆయిల్ పోశాను. ఏది తక్కువ చప్పుడు చేస్తుందో, ఏది తక్కువ అరుగుతుందో రాత్రంతా కనిపెట్టుకుని ఉండటం నా పని. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి నొక్కుకుంటే లోపలి గుట్టంతా తెలిసిపోతుంది.

మొదటిది టపటపలాడుతోంది. దాని ఆయిల్‌లో సన్నటి ఇనుప రజను కూడా తేలింది. రెండోది పిల్లిలా నడుస్తోంది. దాని ఆయిల్ ఇంకా డబ్బాలో ఉన్నంత తేటగానే ఉంది.

షెడ్డు ఓనర్‌కు ఫోన్ చేశాను.

"సార్, రెండోది అసలు అరగడమే లేదు. ఇలాంటిది నా సర్వీసులో..."

"పొద్దున చెబుదువులే, పడుకోనీ" అని పెట్టేశాడు.

నా మాట చివరిదాకా విన్నవాడు ఎవడున్నాడు గనక! గోడలకు చెవులుంటాయంటారు. నేనొక్కణ్ణే ఉండే ఇంట్లో గోడలకు అవీ లేవు.

రెండూ ఆపేశాను. చల్లారుతూ మొదటిది టిక్కు టిక్కుమంది. ఏ ఇనుమైనా అంతే. రెండోది ఆ మాత్రం కూడా అనలేదు. అనుమానమొచ్చి స్క్రూడ్రైవర్ ఆనించాను.

లోపలినుంచి, సరిగ్గా నేను ఆనించిన చోటే, ఇంకో ఇనుప మొన వచ్చి మెల్లగా ఆనింది.

ఆ తర్వాత చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా నేను చేసేదే అది. అవతల ఎవరో చెవి పెట్టి వింటున్నారు.

అయినా స్క్రూడ్రైవర్ తియ్యలేదు. గొంతు సవరించుకుని, ఓనర్ వినని మాట మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.